బడిలో ప్లాను మీటింగుకి పిలిచారు: ఏం తీసుకెళ్ళాలి, ఏం అడగాలి?

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గర్లో ఒక ఊరు. ఇంట్లో తెలుగే. బాబుకి 8 ఏళ్ళు నిండాయి. ఊళ్ళో ఒడియా మీడియం సర్కారు బళ్ళో మూడో క్లాసు. మాటలు మూడేళ్ళు దాటాకే వచ్చాయి. ఇంట్లో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు గానీ బళ్ళో నోరు విప్పడట. బోర్డు మీదది రాసుకోలేడని, రెండు నిమిషాలు కుదురుగా కూర్చోడని, క్లాసులోంచి లేచి పోతాడని అంటున్నారు. వచ్చే వారం బ్లాకు నుంచి ఐఈ టీచరు (ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసే టీచరు) వస్తారు, మీ వాడికి విడిగా ప్లాను రాస్తాం, వచ్చి సంతకం పెట్టండని హెడ్మాస్టరు కబురు పంపారు. నాకు ఒడియా కొద్దిగా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మా ఆయన పని మీద ఆంధ్రాలో ఉంటారు. ఏం తీసుకెళ్ళాలి? ఏం అడగాలి? సంతకం పెడితే పిల్లాణ్ణి వేరే బడికి పంపేస్తారా? ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడమని ఒక మాస్టారు చెప్పారు, అలా చెయ్యాలా?

సమాధానం:

అమ్మా, ముందు మీ భయం సంగతి తేల్చుకుందాం. ఆ కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన బాబుని బడి నుంచి పంపేసే అధికారం ఎవరికీ రాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షను ఇలాంటి పిల్లల్ని మిగతా పిల్లలతో పాటే చేర్చుకోవాలని, ఎవరికి తగ్గ సాయం వాళ్ళకి ఇవ్వాలని, ప్రతి పిల్లాడూ ఎంతవరకు వచ్చాడో చూస్తూ ఉండాలని చెబుతోంది. మిమ్మల్ని పిలిచింది ఆ సాయం ఏమిటో కాగితం మీద పెట్టడానికి. దాన్నే బడుల్లో ఐఈపీ, అంటే ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్లాను అంటారు. పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, కొన్ని నెలల్లో ఎక్కడికి రావాలి, అందుకు ఎవరు ఏం చేస్తారు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అనేవి అందులో ఉండాలి. మీటింగులో హెడ్మాస్టరు, క్లాసు టీచరు, బ్లాకు స్పెషల్ ఎడ్యుకేటరు (మీరన్న ఐఈ టీచరు), మీరు ఉంటారు. మీరు వెళ్ళేది సంతకానికి మాత్రమే అనుకోకండి, ఆ గదిలో మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేని సమాచారం ఒకటుంది.

అదేమిటంటే, బాబు తెలుగులో ఏం చెయ్యగలడన్నది. బళ్ళో వాళ్ళు చూస్తున్నది ఒడియాలో బాబుని మాత్రమే. ప్లానంతా ఒకే ప్రశ్న మీద నిలబడుతుంది: పిల్లాడికి మాట, చదువు పట్టుబడటం లేదా, లేక ఒడియా పట్టుబడటం లేదా? నిజంగా భాష ఎదుగుదలలో ఇబ్బంది ఉంటే అది తెలుగులోనూ కనిపిస్తుంది, ఒడియాలోనూ కనిపిస్తుంది. ఒడియాలో మాత్రమే కనిపిస్తే అది చాలావరకు కొత్త భాష కష్టం. మీ ఉత్తరం చూస్తే బాబుకి రెండూ కొంత కొంత ఉన్నట్టుంది. మాటలు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి తెలుగులోనూ వెనకబాటు ఉండొచ్చు, దాని మీద ఒడియా బరువు కూడా పడింది. ఎంత వంతు దేనిదో తెలియకుండా ప్లాను రాస్తే పిల్లాడికి అక్కర్లేని పనులు చేయించి, అక్కర ఉన్నవి వదిలేస్తారు. ఈ సరిహద్దు ఊళ్ళలో తెలుగింటి పిల్లల విషయంలో ప్లాను పక్కదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ వారం రోజులూ దీని మీదే పెట్టండి.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇంట్లో రోజూ కనిపించే 20 వస్తువులు ఎంచుకోండి: గ్లాసు, చెంబు, చీపురు, దువ్వెన, గొడుగు, తాళం ఇలాంటివి. ఒక్కొక్కటీ చూపించి ఇదేమిటని తెలుగులో అడగండి. చెప్పినవాటికి టిక్కు, చెప్పనివాటికి సున్నా. మర్నాడు బళ్ళో వాడే వస్తువులు 20, అంటే పలక, పెన్సిలు, బల్ల, గంట లాంటివి, ఒడియాలో అడగండి. ఒడియాలో మీకు రానివి పక్కింటి పెద్ద పిల్లల చేత అడిగించండి. తెలుగులో 17, ఒడియాలో 4 వచ్చాయనుకోండి, ఆ రెండు అంకెలే మీటింగులో సగం పని చేస్తాయి. తెలుగులోనూ 8 దాటకపోతే అదీ తెలియాల్సిన సంగతే, దాచొద్దు.

మూడో రోజు చెప్పిన పని చేస్తాడో లేదో చూడండి. చేత్తో చూపించకుండా, కళ్ళతో సైగ చెయ్యకుండా, ఒకే పని చెప్పండి: "గ్లాసు తే." తర్వాత రెండు కలిపి: "గ్లాసు తెచ్చి తాతకి ఇయ్యి." తర్వాత మూడు కలిపి. ఒక్కోటి ఐదుసార్లు, వేర్వేరు పనులతో. ఎన్ని పనుల దగ్గర తప్పిపోతున్నాడో రాయండి. చాలామంది తల్లులు తెలియకుండానే చెయ్యి చూపిస్తారు, పిల్లాడు మాట విని కాదు, చెయ్యి చూసి చేస్తాడు. అందుకే చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పండి. నాలుగో రోజు బాబు తనకిష్టమైన సంగతి ఏదైనా, సంతలో చూసిందో, ఆవు ఈనిందో చెబుతుండగా ఫోనులో రెండు నిమిషాల వీడియో తియ్యండి. బళ్ళో నోరు విప్పని పిల్లాడు ఇంట్లో గడగడా మాట్లాడుతున్న వీడియో చూస్తే టీచర్ల అంచనా మారుతుంది.

రాసుకోలేకపోవడం గురించి విడిగా చూడాలి. ఒడియా పుస్తకంలోంచి ఐదు లైన్లు పుస్తకం పక్కనే పెట్టి రాయించండి. తర్వాత అలాంటివే ఐదు లైన్లు పెద్ద అక్షరాలతో గోడకి అంటించి, నాలుగు మీటర్ల దూరం నుంచి రాయించండి. దగ్గరివి బాగా రాసి దూరానివి తప్పితే ముందు అనుమానించాల్సింది కళ్ళని, బుద్ధిని కాదు. రెండూ ఒకేలా తప్పుతుంటే చేతి పట్టు, అక్షరం గుర్తుండటం, ఒక్కో గీత చూసి చూసి వెయ్యడం వైపు వెతకాలి. ఒక్కో అక్షరానికి ఎన్నిసార్లు తలెత్తుతున్నాడో లెక్కపెట్టండి. అక్షరానికి మూడుసార్లు తలెత్తే పిల్లాడు బోర్డు తుడిచేలోపు రెండు లైన్లు కూడా దాటలేడు, అది సోమరితనం కాదు. ఆ రెండు కాగితాలు పారెయ్యకుండా తేదీ వేసి దాచండి.

కూర్చోకపోవడం సంగతి టీచరునే అడగాలి, కానీ అడిగే తీరుంది. "మా వాడు ఎందుకు కూర్చోడు" అంటే అల్లరివాడు కాబట్టి అంటారు. "ఏ పీరియడ్లో లేస్తాడు, అప్పుడు ఏం పాఠం జరుగుతోంది, లేచి ఎక్కడికి పోతాడు" అని అడగండి. బొమ్మలు వేసేటప్పుడు పావుగంట కూర్చుని, ఒడియా పాఠం వినేటప్పుడు రెండు నిమిషాలకే లేస్తున్నాడంటే అర్థం కాని మాటలు వింటూ కూర్చోలేకపోతున్నాడన్నమాట. రోజూ ఒకే వేళకి, ఒకే వైపు పోతుంటే పాయిఖానా సంగతి చూడండి. బయటికి వెళ్తానని ఒడియాలో అడగడం రాని పిల్లలు బిగపట్టుకుని, ఆపుకోలేక లేచి పరుగెడతారు. దానికి తిట్లు తిని ఇంకా నోరు మూసుకుంటారు. ఇంట్లో నీళ్ళు తక్కువ తాగుతున్నాడా, బడి నుంచి రాగానే ముందు పాయిఖానాకి పరుగెడుతున్నాడా చూడండి.

మీటింగు ముందో వెనకో, చెవులు, కళ్ళు చూపించడం మాత్రం మానొద్దు. సర్కారు బళ్ళకి ఏడాదికోసారి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు కార్యక్రమం) డాక్టర్ల బృందం 18 ఏళ్ళ వరకు పిల్లల్ని చూసి, అవసరమైనవాళ్ళని జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల ఇబ్బందులు చూసే కేంద్రానికి పంపుతుంది. బాబుని ఈ ఏడాది చూశారా, కార్డు ఇచ్చారా అని హెడ్మాస్టరుని అడగండి. లేదంటే మీరే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 8 ఏళ్ళ పిల్లాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బీప్ వినిపిస్తే చెయ్యెత్తే పరీక్ష, అంటే ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ, చేయించుకోగలడు. మాటలు ఆలస్యమైన పిల్లాడికి ఈ పరీక్ష చెయ్యకుండా తెలివి పరీక్ష చేసిన రిపోర్టు నమ్మదగింది కాదు. చెవిలో చీము, గులిమి గడ్డకట్టడం, జలుబుతో చెవి మూసుకుపోవడం లాంటివి కూడా ఏళ్ళ తరబడి పిల్లాణ్ణి మందమతిగా కనిపించేలా చేస్తాయి.

తెలివి పరీక్ష ఇప్పటికే చేసి ఉన్నా, చేస్తామన్నా, ఒకటే అడగండి: ఏ భాషలో అడిగారు? ఆ సంగతి రిపోర్టులో రాసి ఉందా? తెలుగు మాత్రమే వచ్చిన పిల్లాణ్ణి ఒడియాలో అడిగి వేసిన ఐక్యూ అంకె పిల్లాడి తెలివిని కాక ఒడియాని కొలిచినట్టే. మాటలతో పనిలేని బొమ్మల భాగం మార్కులు విడిగా చూపించమనండి. తెలుగులో అడిగే సైకాలజిస్టు కావాలంటే శ్రీకాకుళం, విశాఖ సర్కారు ఆసుపత్రులు మీకు దగ్గర. సికింద్రాబాదులోని ఎన్‌ఐఈపీఐడీ మేధోవైకల్యం మీదే పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పిల్లాడి పనులు పిల్లాడే చేసుకుంటాడా అని మిమ్మల్ని అడిగి నింపే ఫారం ఇంకొకటుంది, వైన్‌ల్యాండ్ స్కేలు అంటారు. అక్కడ తల్లులు ఎక్కువగా తప్పుతారు. మీరే అన్నం కలిపి తినిపిస్తుంటే, మీరే గుండీలు పెడుతుంటే, "తినలేడు, పెట్టుకోలేడు" అనేస్తారు. వాణ్ణి ఎన్నడూ చెయ్యనివ్వకపోవడం వేరు, చెయ్యలేకపోవడం వేరు. ఈ వారం గుండీలు, చెప్పులు, అన్నం, స్నానం వాడి చేతికే వదిలి, టైము ఎంతయినా పట్టనిచ్చి చూసి చెప్పండి.

ఇక తెలుగు మానెయ్యాలా అన్న ప్రశ్న. మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాట ఆలస్యమవుతుందన్న మాటకి ఆధారం లేదు, మాట ఇబ్బంది ఉన్న పిల్లలకి కూడా అంతే. పైగా మీకు ఒడియా అంతంత మాత్రమే కదా. తెలుగు మానేస్తే బాబుకి ఇంట్లో వినబడేది నాలుగు ముక్కల ఒడియా మాత్రమే. కథలు, తిట్లు, లాలి, లెక్కలు, అమ్మమ్మతో కబుర్లు అన్నీ పోతాయి, వాటి స్థానంలో ఏదీ రాదు. ఒక భాషలో విషయం గట్టిగా తెలిసిన పిల్లాడికి రెండో భాషలో ఆ మాట అతికించడం తేలిక. ఇది కొత్త వాదన కూడా కాదు. ఒడిశా సర్కారే సవర, కుయి లాంటి గిరిజన భాషల పిల్లలకి చిన్న క్లాసులు ఇంటి భాషలో మొదలుపెట్టే కార్యక్రమం చాలా ఏళ్ళుగా నడుపుతోంది. విద్యాహక్కు చట్టం, 2009 కూడా వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలనే అంటుంది. ఆ మాస్టారికి ఈ రెండు ముక్కలు మర్యాదగా చెప్పండి.

వైకల్యం సర్టిఫికెట్ లేకపోతే ప్లాను రాయం అంటారేమో. ముందు చెప్పిన వికలాంగుల చట్టం 16వ సెక్షనులో వైకల్యం శాతం ఊసు లేదు. క్లాసులో సాయం, ప్లాను మొదలుపెట్టడానికి 40 శాతం సర్టిఫికెట్ అడగక్కర్లేదు. 40 శాతం కావలసినవి వేరు: 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు, ఉచితంగా పుస్తకాలు, వినికిడి యంత్రం లాంటి పరికరాలు. కాబట్టి సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యండి, కానీ అది వచ్చేదాకా ప్లాను ఆపనివ్వకండి. అప్లికేషను మీరుండే జిల్లాలో పెట్టొచ్చు, వైద్యం చేయించుకుంటున్న ఆసుపత్రి ఇచ్చే అధికారం ఉన్నదైతే అక్కడా పెట్టొచ్చు. ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. "ఇది ఆంధ్రా కాగితం, ఇక్కడ పనికిరాదు" అనడానికి లేదు. చదవడం, రాయడంలో ఇబ్బందికి ఇచ్చే ఎస్ఎల్‌డీ సర్టిఫికెట్ 8 ఏళ్ళు నిండాకే ఇస్తారు, బాబు వయసు దానికి సరిపోయింది. కానీ ఒడియా చదవడం రెండేళ్ళుగానే నేర్చుకుంటున్న తెలుగు పిల్లాడికి ఆ పేరు పెట్టే ముందు భాష సంగతి తేలాలి. తొందరపడకండి.

ఫైలు ఇలా పెట్టుకోండి. పైన ఒకే ఒక్క పేజీ, బాబు గురించి. ఏం బాగా చేస్తాడు, ఏం ఇష్టం, దేనికి బెదురుతాడు, ఇంటి భాష ఏది, మీ 20 వస్తువుల లెక్క, రెండు పనుల లెక్క, మీకు కావలసిన మూడు సంగతులు. తెలుగులో మీరు రాసి, ఒడియా రాయడం వచ్చిన కాలేజీ పిల్లలెవరి చేతనైనా పక్కన ఒడియాలో రాయించండి. దాని కింద రాత కాగితాలు, తర్వాత ఆసుపత్రి చీటీలు కొత్తవి పైకి, పాతవి కిందికి, చివర ఆధారు, పుట్టిన తేదీ కాగితం జిరాక్సులు. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. అన్నీ రెండు సెట్లు తీయించి ఒకటి బడికి ఇవ్వండి.

ఒంటరిగా వెళ్ళకండి. మీ ఆయన రాలేకపోతే ఒడియా చదవగలిగిన మనిషి ఎవరైనా సరే, తమ్ముడో, మరిదో, అంగన్‌వాడీ దీదీయో, స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తెలిసినవాళ్ళో. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం, మీ వాడి క్లాసు పిల్లల తల్లి ఎవరైనా ఉండొచ్చు. వెంట వచ్చిన మనిషి పని మాట్లాడటం కాదు, వినడం, రాసుకోవడం, కాగితం మీ చెవిలో చదివి వినిపించడం. మీ ఆయన్ని ఫోనులో స్పీకరు పెట్టి కలపొచ్చు, ముందే హెడ్మాస్టరుకి చెబితే ఇబ్బంది పడరు.

ప్లానులో అసలు బలం లక్ష్యాల దగ్గరుంది. "చదువులో మెరుగుపడాలి", "శ్రద్ధ పెరగాలి" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగడానికి లేదు. లక్ష్యం ఇలా ఉండాలి: "ఇప్పుడు బళ్ళో వాడే ఒడియా మాటలు 20లో 4 చెబుతాడు. మూడు నెలల్లో, బొమ్మ చూపిస్తే 20లో 16 చెప్పాలి. వారానికి 5 కొత్త మాటలు, బొమ్మ కార్డుతో, ముందు తెలుగు మాట, వెంటనే ఒడియా మాట. క్లాసు టీచరు ప్రార్థన అయ్యాక రోజూ 10 నిమిషాలు. శనివారం అవే కార్డులు చూపించి టిక్కులు వెయ్యాలి." ఇందులో ఇప్పుడెక్కడ, రేపెక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ఎలా కొలుస్తారు అన్నీ ఉన్నాయి. ఈ ఆరింటిలో ఒక్కటి లేకపోయినా దాన్ని అడిగి రాయించండి.

ఎవరు చేస్తారన్న చోట కళ్ళు పెట్టండి. బ్లాకు స్పెషల్ ఎడ్యుకేటరు ఒక్కరే అనేక బళ్ళు తిరుగుతారు, మీ బడికి వచ్చే రోజులు నెలకి లెక్కపెట్టుకోవచ్చు. ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, అది అందేలోపు పిల్లాడి ఏడాది పోకూడదు. కాబట్టి రోజువారీ పని క్లాసు టీచరు పేరు మీద, నేర్పే తీరు స్పెషల్ ఎడ్యుకేటరు పేరు మీద ఉండాలి. "తల్లి ఇంట్లో చేయించాలి" అని నాలుగు లక్ష్యాలకీ మీ పేరే రాస్తే ఒప్పుకోకండి. మీ వంతుకి ఒకటి తీసుకోండి, ఉదాహరణకి సాయంత్రం పది నిమిషాలు తెలుగు కథ చెప్పి ప్రశ్నలు అడగడం. లక్ష్యాలు మొత్తం మూడు నాలుగు మించనివ్వకండి. పది రాస్తే పదీ బీరువాలోనే ఉంటాయి.

లక్ష్యాలతో పాటు, మొదటి రోజు నుంచే క్లాసులో మారాల్సినవి కొన్ని ఉంటాయి. వీటికి ఖర్చు లేదు, అందుకే గట్టిగా అడగొచ్చు. ముందు వరస, గుమ్మానికి దూరంగా. పక్కన తెలుగూ ఒడియా రెండూ వచ్చిన పిల్లాడు. ఒకసారికి ఒకే పని చెప్పడం, బాబు పేరు పిలిచి మొహం చూసి చెప్పడం. బోర్డు మీది ఐదు లైన్లలో రెండే రాయించి, మిగతావి పక్క పిల్లాడి నోటుబుక్కు నుంచి తర్వాత. జవాబు తెలుగులో చెప్పినా తెలిసినట్టే లెక్కపెట్టడం. టీచరుకి తెలుగు రాకపోతే బళ్ళో వచ్చినవాళ్ళు ఎవరో ఒకరుంటారు, మధ్యాహ్న భోజనం వండే అమ్మయినా సరే. పాయిఖానాకి ఒక బొమ్మ కార్డు బాబు మెడలోనో జేబులోనో ఉంచి, అది చూపిస్తే ఎప్పుడైనా పంపాలని రాయించండి. ఈ ఒక్క కార్డుతోనే "లేచి పోతాడు" అన్న ఫిర్యాదు సగం తగ్గిన పిల్లలుంటారు. ప్రతి పావుగంటకి పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం లాంటి పని చెప్పి కదలనివ్వడం కూడా రాయించండి.

పరీక్షల్లో అదనపు టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వడం అదే వికలాంగుల చట్టం 17వ సెక్షనులో ఉంది. ప్రశ్న చదివి వినిపించడం, అదనపు టైము ఇప్పుడే అడగండి. భాష మినహాయింపు మాత్రం మూడో క్లాసులో తీసుకోకండి. ఇంగ్లీషు, హిందీ బరువు తగ్గించుకోవడం ఒక సంగతి, ఒడియా వదులుకోవడం ఇంకో సంగతి. ఒడిశా సర్కారు ఉద్యోగాలకి ఒడియా చదివినట్టు చూపించాలి, ఆ తలుపు 8 ఏళ్ళకే మూసెయ్యక్కర్లేదు. హైస్కూలుకి వచ్చాక, ఏ భాష ఎంత వచ్చిందో చూసి తేల్చుకోండి.

మీటింగులో రెండు మాటలు వినబడొచ్చు. ఒకటి, "ఇంటి దగ్గరే చదివిద్దాం." ఇంటి దగ్గర చదువు తీవ్రమైన, లేదా ఒకటికి మించిన వైకల్యం ఉన్న పిల్లలకి, అదీ కావాలని కోరుకుంటే. నడుచుకుంటూ బడికి వచ్చే మీ బాబుకి దాని అవసరం లేదు, బలవంతం చెయ్యడానికి వీల్లేదు. రెండోది, "స్పెషల్ స్కూలుకి పంపండి." అది కూడా మీ ఇష్టం మీదే. "ఇక్కడే చదువుతాడు, ఇక్కడ ఏం సాయం చేస్తారో రాయండి" అనండి. ఈ మాట కోపంగా కాక మామూలుగా అంటేనే పని జరుగుతుంది. రేపట్నుంచి పిల్లాడితో ఉండేది ఆ టీచర్లే.

సంతకం మాత్రం ఆ పూటే పెట్టకండి. హాజరైనట్టు సంతకం వేరు, ప్లానుకి ఒప్పుకున్నట్టు సంతకం వేరు, ఏ గడిలో పెట్టమంటున్నారో చూసుకోండి. ఖాళీ ఫారం మీద అసలే వద్దు. "ఘొరే పొఢి దొస్తొఖొతొ కొరిబి, మోతే గోటియే నొకొలొ దియొంతు" అనండి, ఇంట్లో చదివి సంతకం పెడతాను, నాకొక నకలు ఇవ్వండి అని. జిరాక్సు లేదంటే ప్రతి పేజీ ఫోనుతో ఫోటో తీసుకోండి. ఇంట్లో ఒడియా వచ్చినవాళ్ళ చేత లైను లైను చదివించి, మీరు మాట్లాడుకున్నవి అందులో ఉన్నాయో లేదో చూసి, రెండు మూడు రోజుల్లో సంతకం పెట్టి ఇవ్వండి. ఏదైనా మిగిలిపోతే సంతకం పక్కనే "ఫలానాది కలపాలి" అని తెలుగులోనైనా రాయండి.

అదే రోజు సమగ్ర శిక్ష (బడుల కోసం సర్కారు నడిపే పథకం) లాంటి వాటి కింద రావలసినవీ అడగండి: పరికరాల శిబిరం ఎప్పుడు, దారి ఖర్చు వస్తుందా, సర్టిఫికెట్ వచ్చాక, వైకల్యం ఉన్న పిల్లలకి ఒడిశా సర్కారు ఇచ్చే బాణిశ్రీ స్కాలర్‌షిప్‌కి అప్లికేషను బడి నుంచా, బ్లాకు ఆఫీసు నుంచా.

మూడు నెలల తర్వాత రివ్యూ తేదీ ప్లానులో రాయించుకోవాలి, "అవసరమైనప్పుడు" అని రాస్తే ఆ రోజు రాదు. మధ్యలో నెలకోసారి వెళ్ళి శనివారం టిక్కుల కాగితం చూపించమనండి. నెల గడిచినా ఒక్క టిక్కూ లేకపోతే హెడ్మాస్టరుకి నాలుగు లైన్ల ఉత్తరం ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే ఆ నకలుతో బ్లాకు విద్యాధికారి (బీఈఓ) దగ్గరికి, ఆ తర్వాత జిల్లా విద్యాధికారి ఆఫీసుకి వెళ్ళండి. ఇలాంటి పిల్లల సంగతి చూసే నోడల్ అధికారి జిల్లా ఆఫీసులో ఉండాలని వికలాంగుల చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో ఉంది, ఆయన పేరు మీద రాయండి. అక్కడా కాకపోతే భువనేశ్వర్‌లోని రాష్ట్ర వికలాంగుల కమిషనరు. నోటి మాటగా పదిసార్లు చెప్పినదాని కన్నా తేదీ ఉన్న కాగితం ఒకటి ఎక్కువ పని చేస్తుంది. క్లాసు టీచరు బదిలీ అయితే, కొత్తవాళ్ళు వచ్చిన వారంలోనే మీ నకలు తీసుకెళ్ళి చూపించండి, పాత టీచరు అప్పగించి ఉంటారని అనుకోవద్దు.

మీ ఆయన దగ్గరికి ఆంధ్రాకి మారే ఆలోచన ఉంటే, టీసీతో పాటు ప్లాను నకలు, టిక్కుల కాగితాలు, స్పెషల్ ఎడ్యుకేటరు రాసిన చివరి రివ్యూ అడిగి తీసుకోండి. అక్కడ తెలుగు మీడియంలో చేరితే ఒడియా లక్ష్యాలు పోతాయి గానీ కూర్చోవడం, రాయడం, మాట వినడం లక్ష్యాలు అలాగే ఉంటాయి. కొత్త బడి వాళ్ళు వాటినే మొదటి పేజీగా పెట్టుకుని అక్కడి నుంచి ముందుకి రాయాలని అడగండి.